రాత్రి ప్రయాణం – రంగు కళ్లద్దాలు

మీరెప్పుడైనా రాత్రిపూట కారులోనో, జీపులోనో డ్రైవరు పక్కన కూర్చుని ప్రయాణం చేశారా? ఊరు దాటి వీధిదీపాలు వెనకబడ్డాక, మన బండి దీపాల వెలుగులో కొంత మేర రోడ్డూ, పక్కన చెట్ల మొదళ్లకు పూసిన తెల్లసున్నం పట్టీలూ కనబడుతూ ఉంటాయి. ఇంతలో ఎదురుగా ఒక లారీ వస్తుంది. దాని దీపాలు దూరాన రెండు చుక్కల్లా మొదలై, క్రమంగా పెద్దవై, చివరికి కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. అంతవరకూ రోడ్డు అంచున సైకిలు మీద పోతూ కనిపించిన మనిషి ఆ క్షణంలో మాయమవుతాడు. లారీ దాటిపోయాక మళ్లీ ప్రత్యక్షమవుతాడు. నిజానికి అతడు ఎక్కడికీ పోలేదు. పోయింది మన చూపు.

ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు పసుపురంగు కళ్లద్దాలు కొంటారు. "నైట్ డ్రైవింగ్ గ్లాసులు" అనే పేరుతో అవి దుకాణాల్లో దొరుకుతాయి. మరికొందరు పగలు వాడే చలువ కళ్లద్దాలనే రాత్రి కూడా తగిలించుకుంటారు. "ఎలా ఉంది?" అని అడిగితే "కంటికి హాయిగా ఉంది" అంటారు. వారు చెప్పేది అబద్ధం కాదు. కాని కంటికి హాయిగా ఉండటమూ, రోడ్డు మీది మనిషి కనబడటమూ ఒకటేనా? అసలు ప్రశ్న అది. ఆ సైకిలు మనిషి ప్రాణం దాని జవాబు మీద ఆధారపడి ఉంది. కనుక జాగ్రత్తగా పరిశీలిద్దాం.

వెలుగు ఎక్కువైతే ఎందుకు కనబడదు?

చీకటిలో కనబడదంటే అర్థముంది. వెలుగు ఎక్కువైనా ఎందుకు కనబడకూడదు?

సినిమాహాలును గుర్తు తెచ్చుకోండి. మ్యాట్నీ ఆట జరుగుతుండగా ఎవరో తలుపు బార్లా తెరుస్తారు. బయటి ఎండ లోపలికి పడగానే తెర మీది బొమ్మ వెలవెలబోతుంది. బొమ్మ వేసే కాంతి ఏమాత్రం తగ్గలేదు. దాని మీద, తెర అంతటా సమానంగా, మరొక కాంతి వచ్చి పరుచుకుంది. అందువల్ల బొమ్మలోని వెలుగుకూ నీడకూ మధ్య ఉన్న తేడా చెరిగిపోయింది.

మన కంట్లోనూ ఇదే జరుగుతుంది. కంటి ముందుపొర అయిన కార్నియా, దాని వెనకనున్న కటకం మనకు స్వచ్ఛమైన గాజులా తోస్తాయి గాని, అవి పూర్తిగా స్వచ్ఛమైనవి కావు. వాటిలోని అతి సూక్ష్మమైన కణాలు లోపలికి వచ్చే కాంతిలో కొంత భాగాన్ని చెదరగొడతాయి. దీనినే కాంతి పరిక్షేపణం అంటారు. ఎదుటి దీపపు కాంతి రెటీనా మీద ఒకే చోట పడి ఊరుకోదు. చెదిరిన కాంతి రెటీనా అంతటా పలచని తెరలా పరుచుకుంటుంది. రోడ్డు, మనిషి, సైకిలు – అన్నీ ఆ తెర వెనక్కి పోతాయి.

వయసు పెరిగేకొద్దీ కంటి కటకంలో స్వచ్ఛత తగ్గుతుంది. యవ్వనంలో ఉన్నవారితో పోలిస్తే 70 ఏళ్లవారి కంట్లో ఈ చెదిరిన కాంతి సుమారు రెండింతలు ఉంటుంది. శుక్లాలు వస్తే ఇంకా ఎక్కువ. "రాత్రిపూట నాకు లైట్లు పడవురా" అని తాతగారు అంటే అది వట్టి సాకు కాదన్నమాట.

కొంచెం లెక్క

ఇప్పుడు ఈ విషయాన్ని అంకెల్లో చూద్దాం. మన దీపాల వెలుగులో రోడ్డు నుంచి కంటికి చేరే కాంతి 10 పాళ్లు, సైకిలు మనిషి నుంచి చేరే కాంతి 15 పాళ్లు అనుకోండి. మనిషి రోడ్డు కంటే 50 శాతం ఎక్కువ వెలుగుగా ఉన్నాడు. కాబట్టి సులభంగా కనబడతాడు.

లారీ వచ్చింది. దాని వల్ల కంట్లో పరుచుకున్న తెర 50 పాళ్లు అనుకుందాం. ఇది రెండింటికీ కలుస్తుంది. ఇప్పుడు రోడ్డు 60, మనిషి 65. తేడా 5 పాళ్లే అయినా, 60 మీద 5 అంటే 8 శాతం పైచిలుకు మాత్రమే. కన్ను వస్తువులను పోల్చుకునేది ఈ శాతాన్ని బట్టే. అందుకే మనిషి మాయమయ్యాడు.

ఇప్పుడు పసుపు కళ్లద్దాలు పెట్టుకుందాం. అవి తమ మీద పడిన కాంతిలో 80 శాతాన్ని లోపలికి పోనిచ్చి, 20 శాతాన్ని ఆపేస్తాయి అనుకోండి. లారీ దీపపు కాంతి తగ్గింది. కాని రోడ్డు నుంచి, మనిషి నుంచి వచ్చే కాంతీ ఆ అద్దంలోంచే రావాలి గదా! కనుక అన్నీ అదే లెక్కన తగ్గుతాయి. రోడ్డు 60కి బదులు 48, మనిషి 65కి బదులు 52. తేడా 4. మరి 48 మీద 4 ఎంత? అదే 8 శాతం పైచిలుకు. ఏమీ మారలేదు.

సినిమాహాలులో తలుపు తెరిచి ఉండగా చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే బొమ్మ మళ్లీ తేటపడుతుందా? పడదు. ఎండతోపాటు బొమ్మ కూడా మసకబారుతుంది. చేయవలసిన పని తలుపు మూయడం.

"పోనీ, లాభం లేకపోయినా నష్టం లేదు గదా?" అని మీరు అడగవచ్చు. నష్టం ఉంది. వెలుగు తగ్గేకొద్దీ చిన్న చిన్న తేడాలను పసిగట్టే శక్తి కంటికి తగ్గుతుంది. పట్టపగలు తెలిసే 8 శాతం తేడా మసకచీకటిలో తెలియకపోవచ్చు. పైగా లారీ పది సెకన్లలో దాటిపోతుంది గాని, కళ్లద్దాలు ముక్కు మీదే ఉంటాయి. మిగిలిన చీకటి దారి పొడవునా, అసలే తక్కువగా ఉన్న వెలుగులో అయిదో వంతును అవి హరిస్తూనే ఉంటాయి.

కారు అద్దం సంగతి కూడా మరచిపోకూడదు. మన దేశపు కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం (1989) ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం కాంతిని పోనివ్వాలి. 70 శాతం పోనిచ్చే అద్దం వెనక 80 శాతం పోనిచ్చే కళ్లద్దాలు పెట్టుకుంటే కంటికి చేరేది 56 శాతమే. అంటే దాదాపు సగం వెలుగు దారిలోనే పోయింది. 75 శాతం కంటే తక్కువ కాంతిని పోనిచ్చే రంగు కళ్లద్దాలు రాత్రి డ్రైవింగుకు పనికిరావని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. చలువ కళ్లద్దాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

హాయి వేరు, చూపు వేరు

మరి పెట్టుకున్నవారికి బాగున్నట్టు ఎందుకు అనిపిస్తుంది?

మిరుమిట్లలో రెండు రకాలున్నాయి. ఒకటి కంటిని బాధపెట్టేది. కళ్లు చికిలించుకునేలా చేసేది. రెండవది చూపును తగ్గించేది. ఈ రెండూ ఒకే దీపం వల్ల కలిగినా, ఒకటి తగ్గితే రెండోది తగ్గాలని లేదు. పసుపు కాంతి తెల్లకాంతి కంటే కంటికి మృదువుగా తోస్తుంది. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపాల వెలుగులో నీలం పాలు పాత దీపాల్లో కంటే ఎక్కువ గనుక అవి మరింత గుచ్చుకున్నట్టు ఉంటాయి. పసుపు అద్దం ఆ నీలాన్ని ఆపేస్తుంది. బాధ తగ్గుతుంది. కాని చూపు మెరుగుపడదు.

ఈ సంగతిని అమెరికాలోని బోస్టన్ నగరంలో శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూశారు. ఆ ఫలితాలు 2019లో ప్రచురితమయ్యాయి. 22 మందిని కారు నడుపుతున్నట్టే ఉండే యంత్రంలో కూర్చోబెట్టారు. ఎదుటి తెర మీద రాత్రి రోడ్డు, ఎదురుగా వచ్చే కారు దీపాల మిరుమిట్లు ఏర్పాటు చేశారు. రోడ్డు మీద మనిషి కనబడగానే మీట నొక్కాలి. ఒకసారి మామూలు తెల్ల అద్దాలతో, తరువాత బజారులో దొరికే మూడు రకాల పసుపు అద్దాలతో పరీక్షించారు. పసుపు అద్దాల వల్ల మనిషిని కనిపెట్టడం మెరుగుపడలేదని తేలింది.

ప్రమాదం ఇక్కడే ఉంది. హాయిగా ఉన్నప్పుడు డ్రైవరు "నాకు బాగా కనబడుతోంది" అనుకుని వేగం తగ్గించడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. మూడు సెకన్లు సరిగా కనబడకపోతే కారు 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. కంటికి బాధ కలిగితే కనీసం కాలు బ్రేకు మీదికి పోతుంది!

పసుపే ఎందుకు?

పసుపురంగు మీద ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? దీని వెనక సగం నిజం ఒకటి ఉంది. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో మీరు చదివే ఉంటారు. గాలిలోని అణువులు నీలం కాంతిని ఎక్కువగా, పసుపు, ఎరుపు కాంతులను తక్కువగా చెదరగొడతాయని 1871లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాలే వివరించాడు. "అయితే నీలాన్ని తీసేస్తే కాంతి చెదరడం తగ్గుతుంది గదా!" అని అనిపించడం సహజమే.

కాని ఆ సూత్రం, కణాలు కాంతి తరంగదైర్ఘ్యం కంటే చాలా చిన్నవిగా ఉన్నప్పుడే వర్తిస్తుంది. పొగమంచులోని నీటి బిందువులు తరంగదైర్ఘ్యానికి ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. అందుకే పొగమంచు నీలంగా కాక తెల్లగా కనిపిస్తుంది. కంటిలో కాంతిని చెదరగొట్టే కణాల్లోనూ చాలా భాగం అంత చిన్నవి కావు. కాబట్టి రంగును బట్టి వచ్చే తేడా స్వల్పం.

ఫ్రాన్సు దేశం ఈ నమ్మకాన్ని చట్టంగానే చేసింది. అక్కడ 1930ల చివరి నుంచి 1990ల మొదటి వరకు కార్లకు పసుపు హెడ్‌లైట్లే ఉండాలని నియమం ఉండేది. 1976లో నెదర్లాండ్స్ పరిశోధకులు పరిశీలించి, రోడ్డు భద్రత దృష్ట్యా హెడ్‌లైటు తెల్లగా ఉన్నా పసుపుగా ఉన్నా ఒకటేనని తేల్చారు. 1993లో యూరపు దేశాలకు ఉమ్మడి నియమం వచ్చినప్పుడు ఫ్రాన్సు కూడా కొత్త కార్లకు తెల్ల దీపాలనే అంగీకరించింది.

పసుపు అద్దానికి మరొక లోపం కూడా ఉంది. మన రెటీనాలో రెండు రకాల గ్రాహక కణాలున్నాయి. శంకువులు పగటి చూపుకూ, రంగులు గుర్తించడానికీ. దండాలు చీకటి చూపుకూ పనికివస్తాయి. శంకువులకు పసుపుపచ్చతో కలిసిన ఆకుపచ్చ కాంతి బాగా తెలుస్తుంది. దండాలకు నీలంతో కలిసిన ఆకుపచ్చ బాగా తెలుస్తుంది. సందెవేళ ఎర్ర మందారం నల్లబడిపోతున్నా నీలి శంఖుపువ్వు ఇంకా వెలుగుతున్నట్టు కనబడటానికి కారణం ఇదే. చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 19వ శతాబ్దం తొలినాళ్లలో ఈ విచిత్రాన్ని గమనించాడు. రాత్రివేళ దండాల సాయం కావలసి వచ్చినప్పుడు, వాటికి ఇష్టమైన కాంతినే పసుపు అద్దం ఆపేస్తుంది!

వేరుచేయగల అద్దం

పిండిని జల్లెడ పడితే తవుడు వేరవుతుంది. ఎందుకంటే రెండింటి పరిమాణం వేరు. కాని బియ్యపు గింజంత రాళ్లే బియ్యంలో కలిస్తే జల్లెడ ఏం చేయగలదు? లారీ దీపపు కాంతి, మన దీపం నుంచి పోయి మనిషి మీద పడి తిరిగి వచ్చే కాంతి – ఈ రెండింటి రంగూ ఒకటే. కనుక రంగు అనే జల్లెడతో వాటిని వేరుచేయలేం. వేరే గుణం ఏదైనా వెతకాలి.

అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే యువకుడు అలాంటి గుణాన్నే వెతికాడు. అతడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువు మధ్యలో ఆపి, కాంతి ధ్రువణం మీద పరిశోధన మొదలుపెట్టాడు. ధ్రువణకారి అనే పలుచని పలక, ఊచల కిటికీ లాంటిదనుకోండి. ఊచల సందుకు సమాంతరంగా ఊగే తాడు అలను అది పోనిస్తుంది. అడ్డంగా ఊగే అలను ఆపేస్తుంది. లాండ్ 1929లో, తన 20వ ఏట, చౌకగా తయారుచేయగల ధ్రువణ పలకకు పేటెంటు కోరాడు. తరువాత ఆయన స్థాపించిన పోలరాయిడ్ కంపెనీ కెమెరాలకు ప్రసిద్ధి పొందింది గాని, మొదట ఆయన సాధించదలచినది హెడ్‌లైట్ల మిరుమిట్లను పోగొట్టడమే.

ఆయన ఉపాయం ఇది. ప్రతి కారు దీపాల ముందూ, డ్రైవరు కంటి ముందూ 45 డిగ్రీల వాలులో ధ్రువణ పలకలు పెట్టాలి. ఒక పలుచని కాగితం మీద ఏటవాలు గీత గీసి, కాగితాన్ని తిప్పి వెనక నుంచి చూడండి. గీత రెండోవైపుకు వాలి కనిపిస్తుంది గదా! అలాగే ఎదురుగా వచ్చే కారు దీపపు కాంతి మన పలకకు సరిగ్గా అడ్డంగా వస్తుంది, ఆగిపోతుంది. మన దీపపు కాంతి వస్తువుల మీద పడి తిరిగి వచ్చేటప్పుడు అందులో చాలా వరకు మన పలకలోంచి రాగలదు. రాళ్లు వేరు, బియ్యం వేరు!

మరి అది ఎందుకు అమలుకు రాలేదు? ధ్రువణ పలక సగానికి పైగా కాంతిని మింగేస్తుంది. కనుక దీపాలు ఎన్నో రెట్లు బలంగా ఉండాలి. అంతకంటే పెద్ద చిక్కు – రోడ్డు మీది బండ్లన్నీ ఒక్కసారే మారాలి. మొదట మార్చుకున్నవాడికి లాభం లేదు. కార్ల కంపెనీలు ముందుకు రాలేదు.

ఒక హెచ్చరిక. ఇప్పుడు "పోలరాయిడ్" అని అమ్మే కళ్లద్దాలు రాత్రి పనికిరావు. ఎదుటి దీపాలకు ధ్రువణ పలకలు లేవు గనుక అవి రెండు కాంతులనూ ఒకేలా తగ్గిస్తాయి.

దిక్కే దిక్కు

రంగుతో వేరుచేయలేం, ధ్రువణంతో సాధ్యపడలేదు. మిగిలినది దిక్కు. లారీ దీపం ఒక దిక్కు నుంచి వస్తుంది. రోడ్డు అంచున మనిషి మరో దిక్కున ఉంటాడు. 1920లలో హాలడే, స్టైల్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కనుగొన్న సూత్రం ఇక్కడ పనికివస్తుంది. చూసే దిక్కుకూ, దీపం ఉన్న దిక్కుకూ మధ్య కోణం రెండింతలైతే, కంట్లో పరుచుకునే తెర నాలుగో వంతుకు తగ్గుతుంది.

మన లెక్కనే తీసుకోండి. తెర 50 పాళ్లు ఉండేది. చూపును పక్కకు తిప్పి కోణం రెండింతలు చేస్తే అది 12.5 పాళ్లవుతుంది. రోడ్డు 22.5, మనిషి 27.5. తేడా 22 శాతం! పైసా ఖర్చు లేకుండా, 8 శాతం 22 శాతమైంది. అందుకే అనుభవమున్న డ్రైవర్లు ఎదుటి దీపాల వంక చూడరు. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం గనుక రోడ్డు ఎడమ అంచును చూస్తూ, వేగం తగ్గించి పోతారు.

దీపాన్ని కిందికి దించి డిమ్ చేయడం కూడా దిక్కు మార్చడమే. లారీల వెనక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. పూర్వం హెడ్‌లైట్ల పైభాగానికి నల్లరంగు పూసేవారు. జాతీయ రహదారుల మధ్య దిబ్బ మీద దట్టంగా పెంచే గన్నేరు చెట్లు కూడా పూలకోసమే కాదు. ఎదుటి దీపాలకు అవి పచ్చని తెర. సినిమాహాలు తలుపు మూయడం అంటే ఇదే.

ముందు అద్దం మీద దుమ్ము, కళ్లద్దాల మీద గీతలు కాంతిని చెదరగొడతాయి. వాటిని శుభ్రంగా ఉంచాలి. దూరదృష్టి లోపం ఉన్నవారు సరైన పవరు గల తెల్లని అద్దాలనే వాడాలి.

ఇక మీ సంగతి. మీరు ఇంకా కారు నడపరు. రాత్రిపూట ట్యూషను నుంచి సైకిలు మీద వచ్చేది మీరే. ఆ కథలోని సైకిలు మనిషి మీరే! లెక్కలో 15 పాళ్లున్న మనిషి తెల్లచొక్కా వేసుకుని 60 పాళ్లయితే, లారీ ఎదురుగా ఉన్నా 60కి 110గా కనబడతాడు. నల్ల దుస్తుల్లో అయితే రోడ్డులో కలిసిపోతాడు. సైకిలు వెనక ఎర్ర రిఫ్లెక్టరు, మడ్‌గార్డు మీద "రేడియం" స్టిక్కరు ఉండాలి. పేరు అదే గాని అందులో రేడియం ఉండదు. తన మీద పడిన కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపడం దాని గొప్పతనం.

చేసి చూడండి

తెల్లకాగితం మీద పెన్సిలుతో పలుచగా పెద్ద అక్షరాలు రాసి, మసక వెలుగున్న గదిలో గోడకు అంటించండి. రెండు మీటర్ల దూరంలో నిలబడండి. స్నేహితుణ్ణి కాగితానికి 10 సెంటీమీటర్ల పక్కన మామూలు టార్చిలైటు మీ వైపు పట్టుకోమనండి. అక్షరాలు మాయమవుతాయి. ఇప్పుడు పసుపు జిలాటిన్ కాగితంలోంచి చూడండి. తరువాత అది తీసేసి, టార్చిని 20, 40 సెంటీమీటర్ల దూరానికి జరపమనండి. చివరగా మీ కంటికీ టార్చికీ మధ్య అరచేయి అడ్డం పెట్టండి. ఎప్పుడు అక్షరాలు తిరిగి వచ్చాయో రాసుకోండి. బలమైన దీపాలు, లేజరు వాడకూడదు. దీపం వైపు నేరుగా చూడకూడదు.

ప్రశ్నలు

1. 70 శాతం కాంతిని పోనిచ్చే కారు అద్దం వెనక, 40 శాతం పోనిచ్చే చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే కంటికి చేరే కాంతి ఎంత?
2. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 2 సెకన్లలో ఎన్ని మీటర్లు పోతుంది?
3. పసుపు అద్దం 80కి బదులు 60 శాతమే పోనిస్తే, మన లెక్కలో రోడ్డుకూ మనిషికీ మధ్య తేడా ఎంత శాతం అవుతుంది?

జవాబులు: 1. 28 శాతం. 2. 40 మీటర్లు. 3. మారదు, 36 మీద 3, అదే 8 శాతం పైచిలుకు.